లోపలి రేడియేషన్ చికిత్స: యంత్రాన్ని ప్రతిరోజూ ఎందుకు పరీక్షిస్తారు?

(రోగుల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సదస్సులో ఒక మెడికల్ ఫిజిసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



అమలాపురం నుంచి, రాజోలు నుంచి, కొత్తపేట నుంచి, లంక గ్రామాల నుంచి కూడా పనులు మానుకొని వచ్చారు. మీలో చాలామంది ఇంట్లో ఎవరో ఒకరికి కేన్సరు చికిత్స జరుగుతోంది, లేదా త్వరలో మొదలు కాబోతోంది. అమ్మకో, అక్కకో, భార్యకో గర్భాశయ ముఖద్వార కేన్సరు అని తేలి రాజమండ్రికో, కాకినాడకో, విశాఖపట్నానికో, హైదరాబాదుకో తీసుకువెళ్తున్నవారు ఉన్నారు.

నేను డాక్టరును కాను. మెడికల్ ఫిజిసిస్టుని. డాక్టరు గారు ఎంత రేడియేషన్ ఇవ్వాలని రాశారో అంతే వెళ్లేటట్టు, ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్లేటట్టు లెక్క కట్టి, యంత్రాన్ని పరీక్షించి చూడడం మా ఉద్యోగం. మా పని తలుపు వెనక జరుగుతుంది కాబట్టి మేము మీకు అంతగా కనిపించం. ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో చెప్పమని ఆసుపత్రివారు నన్ను పిలిచారు.

రోగుల బంధువులు తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటుంది. "పొద్దున్నే పరగడుపున రమ్మన్నారు. పదకొండు దాటినా మొదలు పెట్టలేదు. అడిగితే మిషను చెక్ చేస్తున్నాం అంటారు." ఆ బాధ న్యాయమైనదే. జబ్బు మనిషిని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టుకొని ఎదురుచూడడం కష్టం. అయితే ఆ చెక్ చేసే సమయంలో ఏం జరుగుతుందో తెలిస్తే, దాన్ని ఆలస్యం అనుకోరు. చికిత్సలో అదీ ఒక భాగమే అని అర్థమవుతుంది.

లోపలి చికిత్స అంటే ఏమిటి?

మన ఊళ్లలో రేడియేషన్‌ని "కరెంటు పెట్టడం" అంటారు. అది కరెంటు కాదు. షాకు కొట్టదు, మంట పుట్టదు, కంటికి కనిపించదు. కేన్సరు కణాలు పెరిగే శక్తిని దెబ్బతీసే కిరణాలు అవి.

ఈ కిరణాలను రెండు విధాలుగా ఇస్తారు. మొదటిది బయటి నుంచి. రోగి బల్ల మీద పడుకుంటే పెద్ద యంత్రం నుంచి కిరణాలు వస్తాయి. గర్భాశయ ముఖద్వార కేన్సరుకు ఇది సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు, అంటే 25 సార్లు ఉంటుంది. రెండోది లోపలి నుంచి. సన్నని గొట్టాలను గర్భాశయంలోకి, యోని మార్గంలోకి అమర్చి, వాటి ద్వారా రేడియేషన్ ఇచ్చే చిన్న లోహపు ముక్కను గడ్డ దగ్గరికే పంపుతారు. దీన్ని బ్రాకీథెరపీ అంటారు. మన దేశంలో సాధారణంగా ఒక్కొక్కసారి 6 నుంచి 9 గ్రేల వరకు, 2 నుంచి 5 సార్లు ఇస్తారు. గ్రే అంటే రేడియేషన్‌ను కొలిచే కొలమానం, బియ్యానికి కిలో లాగా.

బయటి చికిత్స అయ్యేసరికి రక్తస్రావం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మనిషి తేరుకుంటుంది. అప్పుడు కొందరు "తగ్గిపోయింది కదా, ఇక లోపలి చికిత్స ఎందుకు" అని ఇంటికి వెళ్లిపోతారు. ఇది చాలా ప్రమాదం. గడ్డ వేరు దగ్గర ఇవ్వవలసిన పెద్ద మోతాదును బయటి నుంచి ఇస్తే ముందున్న మూత్రాశయం, వెనకున్న పెద్దపేగు చివరి భాగం తట్టుకోలేవు. లోపలి నుంచి ఇస్తేనే గడ్డకు ఎక్కువ, పక్కనున్న అవయవాలకు తక్కువ అందుతుంది. లోపలి చికిత్స మానేసినవారిలో జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

బియ్యపు గింజకంటే చిన్నది

ఆ లోహపు ముక్కను సోర్సు అంటాం. ఎక్కువ యంత్రాల్లో ఇది ఇరిడియం-192 అనే లోహం. కొన్నింటిలో కోబాల్ట్-60 ఉంటుంది. సోర్సు పొడవు 5 మిల్లీమీటర్ల లోపు, మందం ఒక మిల్లీమీటరు లోపు. బియ్యపు గింజకంటే చిన్నది. దాన్ని ఒక సన్నని ఉక్కు తీగ చివర అతికించి, యంత్రం లోపల బరువైన లోహపు పెట్టెలో భద్రపరుస్తారు. చికిత్స మొదలైనప్పుడు సిబ్బంది అందరూ గది బయటికి వస్తారు. బయటి కంప్యూటరు ఆజ్ఞ ఇస్తే తీగ కదులుతుంది, సోర్సు గొట్టాల గుండా గడ్డ దగ్గరికి వెళ్తుంది, ఒక్కొక్క చోట కొన్ని సెకండ్లు ఆగుతుంది, పని అయ్యాక తిరిగి పెట్టెలోకి వెళ్లిపోతుంది.

పూర్వం ఇలా ఉండేది కాదు. క్యూరీ దంపతులు 1898లో రేడియాన్ని కనుగొన్న తరువాత, చాలా దశాబ్దాలపాటు రేడియం సూదులను, గొట్టాలను డాక్టర్లు, నర్సులు చేతులతోనే అమర్చేవారు. రోగికి మేలు చేస్తూ తాము దెబ్బతిన్నవారు ఎందరో. హైదరాబాదులో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి పేరులో కూడా అప్పట్లో రేడియం అనే మాట ఉండేది. ఇప్పుడు యంత్రం వచ్చింది కాబట్టి సిబ్బంది చేతులకు రక్షణ దొరికింది. కాని ఇంకో బాధ్యత వచ్చింది. చేత్తో పెట్టినప్పుడు సోర్సు ఎక్కడుందో కళ్లతో చూసేవారు. ఇప్పుడు అది ఎక్కడుందో యంత్రం చెబితేనే మనకు తెలుస్తుంది. మరి యంత్రం చెప్పేది నిజమేనా?

ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదనే నియమం లేఖనాల్లో ఉందని మీకు తెలుసు. మా వృత్తిలో నాణ్యతా పరీక్ష అంతా ఆ నియమం మీదనే నడుస్తుంది. యంత్రం తన గురించి తాను చెప్పుకొనేది ఒక సాక్ష్యం. దానికి సంబంధం లేని రెండో సాక్ష్యం దొరికేదాకా మేము నమ్మకూడదు. ప్రతి చికిత్సలోనూ మూడు ప్రశ్నలు ఉంటాయి: సోర్సు బలం ఎంత? అది ఎక్కడ ఆగుతుంది? ఎంతసేపు ఆగుతుంది? ఈ మూడింటికీ రెండేసి సాక్ష్యాలు కావాలి.

సోర్సు బలం ఎంత?

ఇరిడియం రోజూ కొంచెం బలం కోల్పోతుంది, రోజుకు సుమారు ఒక శాతం. 74 రోజులకు సగమవుతుంది. అందుకే దాదాపు మూడు నాలుగు నెలలకోసారి కొత్త సోర్సు తెప్పించి పాతదాన్ని తిరిగి పంపిస్తారు. కోబాల్ట్ అయితే నెమ్మది. అది సగం కావడానికి 5 సంవత్సరాల 3 నెలలు పడుతుంది.

కొత్త సోర్సుతో పాటు తయారు చేసినవారి సర్టిఫికెట్టు వస్తుంది. అది మొదటి సాక్ష్యం. దాన్ని బట్టి చికిత్స మొదలు పెట్టకూడదు. ఆసుపత్రిలో బావి ఆకారంలో ఉండే ఒక కొలిచే పరికరం ఉంటుంది. సోర్సును అందులోకి పంపి, వచ్చిన కొలతను సర్టిఫికెట్టుతో పోల్చి చూస్తాం. అంతర్జాతీయంగా పాటించే పద్ధతి ప్రకారం తేడా 3 శాతం దాటితే కారణం వెతకాలి. 5 శాతం దాటితే తయారీదారుతో తేల్చుకొనేదాకా రోగికి వాడకూడదు.

ఆ కొలిచే పరికరం సరైనదని ఏమిటి నమ్మకం? అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరి తూచే కాటాకు తూనికలు కొలతల శాఖవారు ముద్ర వేస్తారు కదా. అలాగే మా పరికరాన్ని కూడా ముంబైలోని బాబా అణు పరిశోధనా కేంద్రం వంటి గుర్తింపు పొందిన లాబొరేటరీలో నిర్ణీత కాలానికోసారి సరిచూపించుకోవాలి. కాటా తప్పయితే రైతుకు కొన్ని కిలోలు నష్టం. మా కొలత తప్పయితే ఆ సోర్సు మార్చేదాకా చికిత్స పొందిన ప్రతి రోగికీ అదే తప్పు జరుగుతుంది. తక్కువైతే జబ్బు మళ్లీ వస్తుంది, ఎక్కువైతే పేగు, మూత్రాశయం దెబ్బతింటాయి. రెండూ వెంటనే కనిపించవు. నెలలు, ఏళ్లు గడిచాక బయటపడతాయి. అందుకే ముందుగానే పట్టుకోవాలి.

ఒక ఉదాహరణ చూడండి. మనం తేదీ ముందు రాసి నెల తరువాత రాస్తాం. అమెరికాలో నెల ముందు రాస్తారు. సర్టిఫికెట్టు మీద 4-5 అని ఉంటే అది మే 4వ తేదీనా, ఏప్రిల్ 5వ తేదీనా? ఈ రెండింటి మధ్య 29 రోజులు. ఆ 29 రోజుల్లో ఇరిడియం బలం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. కంప్యూటరులో ఒక్క తేదీ తారుమారైతే మోతాదులో అంత తేడా వస్తుంది. అందుకే ప్రతి చికిత్స రోజున కంప్యూటరు చూపే తేదీ, సమయం, సోర్సు బలం ఈ మూడింటినీ చేతి లెక్కతో సరిచూస్తాం.

దీన్ని బట్టి ఇంకో సంగతి కూడా అర్థం చేసుకోండి. "పోయినసారి కంటే ఈసారి కొంచెం ఎక్కువ సమయం పట్టింది, ఏదో తప్పు జరిగింది" అని కొందరు భయపడతారు. సోర్సు బలం తగ్గినకొద్దీ అదే మోతాదు ఇవ్వడానికి ఎక్కువ సమయం పడుతుంది. కొత్త సోర్సు వస్తే సమయం మళ్లీ తగ్గుతుంది. రోగికి అందే మోతాదు మారదు.

ఎక్కడ ఆగుతుంది? ఎంతసేపు?

దీపానికి దగ్గరగా ఉంటే వెలుగు ఎక్కువ, దూరంగా జరిగితే తక్కువ. సోర్సు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న చోటికి అందే రేడియేషన్‌లో, రెండు సెంటీమీటర్ల దూరానికి సుమారు నాలుగో వంతే అందుతుంది. ఇదే ఈ చికిత్సలోని మేలు. ఇదే ఇందులోని ప్రమాదం కూడా. సోర్సు ఒక సెంటీమీటరు పక్కకు ఆగినా గడ్డకు తక్కువ, పేగుకు ఎక్కువ అందవచ్చు. కాబట్టి సోర్సు ఆగే చోటు ఒక మిల్లీమీటరుకు మించి తేడా రాకుండా చూడాలి. ప్రత్యేకమైన స్కేలు మీద సోర్సును ఆపించి కెమెరాతో చూస్తాం. ఫిల్ము మీద సోర్సు తన ముద్ర తానే వేసేటట్టు చేసి కూడా చూస్తాం.

యంత్రానికీ రోగి శరీరంలోని గొట్టాలకూ మధ్య కలిపే ట్యూబులు ఉంటాయి. వాటి పొడవు చాలా ముఖ్యం. ఒక ట్యూబుకు బదులు పొట్టిదో, పొడుగుదో తగిలిస్తే సోర్సు వేరే చోట ఆగుతుంది. యంత్రం మాత్రం అంతా సరిగానే జరిగిందని చూపిస్తుంది. అందుకే ట్యూబుల పొడవులు కొలిచి, నంబర్లు చూసి, ఇద్దరు మనుషులు విడివిడిగా సరిచూస్తారు. లోహపు గొట్టాలు వంగాయా, పగుళ్లు ఉన్నాయా, శుభ్రం చేసినప్పుడు లోపల ఏమైనా ఉండిపోయిందా అని కూడా చూస్తారు. అసలు సోర్సు వెళ్లే ముందు రేడియేషన్ లేని ఉత్త తీగ ఒకటి ఆ దారంతా వెళ్లి వస్తుంది. దారిలో అడ్డు ఉంటే అది ఆగిపోతుంది, అసలు సోర్సు బయలుదేరదు.

సోర్సు ఆగే సమయాన్ని వేరే గడియారంతో సరిచూస్తాం. యంత్రం 60 సెకండ్లు అంటే మా చేతిలోని స్టాప్‌వాచీ కూడా 60 సెకండ్లే చెప్పాలి.

ఉదయం జరిగే పరీక్ష

మీ మనిషిని లోపలికి తీసుకువెళ్లే ముందు, అదే ఉదయం, ఖాళీ గదిలో ఈ పరీక్షలు జరుగుతాయి:

1. చికిత్స నడుస్తుండగా తలుపు తెరిస్తే సోర్సు వెంటనే పెట్టెలోకి వెళ్లిపోతుందా?
2. ఎమర్జెన్సీ బటన్లు నొక్కితే ఆగుతుందా?
3. కరెంటు పోతే బ్యాటరీ మీద సోర్సు తనంతట తాను వెనక్కి వస్తుందా?
4. గోడకు ఉన్న రేడియేషన్ హెచ్చరిక మీటరు సోర్సు బయటికి రాగానే మోగుతుందా, లోపలికి వెళ్లగానే ఆగుతుందా?
5. చేతిలో పట్టుకొని చూసే మీటరు పనిచేస్తోందా, దాని బ్యాటరీ బాగుందా?
6. లోపలున్న రోగిని చూసే కెమెరా, మాట్లాడే మైకు పనిచేస్తున్నాయా?
7. సోర్సు ఇరుక్కుపోతే వాడవలసిన సీసపు డబ్బా, పొడవాటి పట్టకారు గదిలోనే, చేతికి అందేటట్టు ఉన్నాయా?

వీటిలో భద్రతకు సంబంధించిన ఏ ఒక్కటి పనిచేయకపోయినా ఆ రోజు చికిత్స ఆపవలసిందే. అన్నీ పుస్తకంలో రాసి సంతకం పెడతాం.

మోగిన అలారాన్ని నమ్మనందుకు

ఇంత జాగ్రత్త ఎందుకు అన్నదానికి ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న సంఘటన ఒకటి ఉంది. 1992 నవంబరు 16న అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఇండియానా అనే పట్టణంలో ఒక పెద్దావిడకు ఇరిడియం సోర్సుతో లోపలి చికిత్స ఇచ్చారు. మధ్యలో సోర్సు ఉన్న తీగ చివర తెగి, సోర్సు ఆవిడ శరీరంలోని గొట్టంలోనే ఉండిపోయింది. యంత్రం మాత్రం సోర్సు పెట్టెలోకి వచ్చేసిందని చూపించింది. గోడకు ఉన్న హెచ్చరిక మీటరు రేడియేషన్ ఉందని చూపించింది. అది పాడైందేమో అనుకొని సిబ్బంది యంత్రం మాటనే నమ్మారు. చేతి మీటరు అక్కడ ఉంది, కాని దానితో రోగిని పరీక్షించలేదు. ఆవిడను తిరిగి పంపించేశారు. దాదాపు నాలుగు రోజులు ఆ సోర్సు ఆవిడ శరీరంలోనే ఉంది. నవంబరు 21న ఆవిడ చనిపోయారు. ఊడిపోయిన గొట్టంతో పాటు చెత్తలోకి వెళ్లిన సోర్సు, దూరాన వేరే రాష్ట్రంలోని వ్యర్థాల కేంద్రంలో అలారం మోగాక గాని బయటపడలేదు. ఆ లోపల ఎందరో దాని దగ్గర తిరిగారు.

ఇందులో గమనించవలసింది ఇది. తీగ తెగడం యంత్రం లోపం. కాని రెండో సాక్షి అక్కడే ఉంది. గోడ మీద నుంచి నిజం చెప్పింది. చేతి మీటరుతో ఒక్క నిమిషం చూసి ఉంటే నిజం తేలిపోయేది. అప్పటి నుంచి చికిత్స అయిన వెంటనే, రోగిని కదిలించక ముందే, చేతి మీటరుతో పరీక్షించడం తప్పనిసరి అలవాటైంది. యంత్రం తెర మీద "అయిపోయింది" అని వచ్చినా ఆ మీటరు సున్నాకు దగ్గరగా చూపిస్తేనే తలుపు తెరిచి మీ మనిషిని మీకు అప్పగిస్తారు.

నిన్న పనిచేసింది కాబట్టి ఈరోజు కూడా పనిచేస్తుందని అనుకోవడం ఎంత ప్రమాదమో మన కోనసీమవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో తుప్పు పట్టిన గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. గ్యాసు వేరు, రేడియేషన్ వేరు. పాఠం ఒక్కటే. లోపం పైకి కనిపించక ముందే వెతికి పట్టుకోవాలి.

మన దేశంలో నియమాలు

రేడియేషన్ వాడే ప్రతి ఆసుపత్రి ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోకి వస్తుంది. ఈ సంస్థ 1983లో ఏర్పడింది. గది గోడలు ఎంత మందం ఉండాలో నక్షా దగ్గర నుంచి దాని అనుమతి కావాలి. యంత్రానికి లైసెన్సు కావాలి. అర్హత ఉన్న రేడియేషన్ డాక్టరు, మెడికల్ ఫిజిసిస్టు, టెక్నీషియను, రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి. వాడేసిన సోర్సును చెత్తలో పారవేయకూడదు, అమ్మకూడదు. లెక్క ప్రకారం తిరిగి పంపాలి. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులోకి కోబాల్ట్ ఉన్న పాత పరికరం ఒకటి చేరి, అది రేడియేషన్ పరికరమని తెలియక విప్పినందుకు ఒకరు చనిపోయారు, మరికొందరు జబ్బు పడ్డారు. అది చికిత్స యంత్రం కాదు. అయినా సోర్సు లెక్క ఎందుకు తప్పకూడదో దేశానికి తెలియజెప్పింది.

యంత్రం ఆగిపోతే ఏం చేయాలి?

పరీక్షలో లోపం దొరికి "ఈరోజు చికిత్స లేదు" అంటే కోపం వస్తుంది. గోదావరి దాటి, బస్సులు మారి, అద్దె గది తీసుకొని ఉన్నారు. కాని లోపం ఉన్న యంత్రంతో చికిత్స ఇవ్వనన్నవారు మీ మేలు కోరినవారే.

అయితే ఒక విషయం గట్టిగా చెబుతున్నాను. ఆగిపోయింది కదా అని ఇంటికి వెళ్లి ఊరుకోకండి. గర్భాశయ ముఖద్వార కేన్సరుకు బయటి చికిత్స మొదలైన రోజు నుంచి లోపలి చికిత్స చివరి రోజు దాకా మొత్తం 8 వారాల్లో పూర్తి కావాలి. అది దాటితే ఆలస్యమైన ఒక్కొక్క రోజుకు జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం వరకు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి తరువాతి తేదీ కాగితం మీద రాయించుకోండి. మరమ్మతుకు చాలా రోజులు పట్టేటట్టుంటే వేరే ఆసుపత్రికి పంపమని అడగండి. అప్పటిదాకా ఇచ్చిన మోతాదు వివరాల కాగితం తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే కొత్త ఆసుపత్రివారికి లెక్క కట్టడం కష్టం. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో కేన్సరు రేడియేషన్ చికిత్స ఉంది. ఆసుపత్రి మారవలసి వస్తే అక్కడి వైద్యమిత్రతో ముందుగా మాట్లాడండి.

కుటుంబ సభ్యులు చేయవలసినవి

* రోగి పేరు, ఆసుపత్రి నంబరు ప్రతిసారీ చెప్పండి. "రోజూ వస్తున్నాం కదా, మళ్లీ పేరెందుకు" అని విసుక్కోకండి. ఒకే పేరున్నవారు అదే రోజు ఇద్దరు ఉండవచ్చు.
* గొట్టాలు అమర్చాక రోగి లేచి కూర్చున్నా, గట్టిగా దగ్గినప్పుడు ఏదో జారినట్టు అనిపించినా, లోపల పెట్టిన గుడ్డ బయటికి వచ్చినా చికిత్సకు ముందే నర్సమ్మకు చెప్పండి. ఇది మా మీటర్లకు తెలియదు. రోగికి, మీకు మాత్రమే తెలుస్తుంది.
* మంచం మీదగాని నేల మీదగాని గొట్టం ముక్క, తీగ ముక్క కనిపిస్తే చేత్తో తీయకండి. దూరంగా జరిగి సిబ్బందిని పిలవండి.
* హెచ్చరిక దీపం వెలుగుతున్నప్పుడు తలుపు దగ్గరికి వెళ్లకండి.
* ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి: సోర్సు ఎప్పుడు మార్చారు? మార్చాక కొలిచారా? ఈరోజు ఉదయం పరీక్ష అయిందా? చికిత్స అయ్యాక మీటరుతో చూశారా? మర్యాదగా అడిగితే ఏ మంచి ఆసుపత్రి అయినా సంతోషంగా జవాబు చెబుతుంది.

సదస్సులో అడిగిన సందేహాలు

*లోపలి చికిత్స అయ్యాక మా అమ్మ దగ్గర చిన్నపిల్లలను పడుకోబెట్టవచ్చా?*
పడుకోబెట్టవచ్చు. ఇప్పుడు చెప్పిన యంత్రంతో ఇచ్చే చికిత్సలో సోర్సు పెట్టెలోకి వెళ్లిపోయాక ఒంట్లో రేడియేషన్ మిగలదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా భయం లేదు. థైరాయిడ్ కేన్సరుకు తాగించే అయోడిన్ మందు వేరు. దానికి కొన్ని రోజులు దూరం పాటించాలి, ఆ డాక్టరు గారు చెబుతారు.

*చికిత్స మధ్యలో కరెంటు పోతే?*
బ్యాటరీ సాయంతో సోర్సు వెనక్కి వచ్చేస్తుంది. అప్పటిదాకా ఎన్ని సెకండ్లు ఇచ్చిందో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. మిగిలింది మాత్రమే తరువాత ఇస్తారు.

*ఆ గదిలో రోగిని ఒంటరిగా వదిలేస్తారు కదా, భయపడితే?*
ఒంటరిగా ఉండేది కొన్ని నిమిషాలే. కెమెరాలో చూస్తూనే ఉంటారు, మైకులో మాట్లాడతారు. పిలిస్తే చికిత్స ఆపి లోపలికి వెళ్లవచ్చు. ఈ సంగతి ముందుగా రోగికి చెప్పి ధైర్యం ఇవ్వండి.

*మీ పరీక్షలన్నీ అయినా పొరపాటు జరగదని చెప్పగలరా?*
అలా ఎవరూ చెప్పలేరు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2005లో ప్రచురించిన నివేదిక ఇటువంటి యంత్రాలతో 500కు పైగా సంఘటనలు నమోదైనట్టు చెప్పింది. చాలా వాటికి మూలం మనుషుల పొరపాటే. సరిచూసి ఉంటే ఆపగలిగేవే. అందుకే ఒకరి పనిని ఇంకొకరు సరిచూస్తారు. అది ఒకరి మీద ఒకరికి అనుమానం ఉండి కాదు. లోపల పడుకున్న తల్లి మనందరికీ ముఖ్యం గనుక.

చివరిగా ఒక మాట చెప్పి ముగిస్తాను. రోగి కోసం ప్రార్థన చేస్తున్నప్పుడు డాక్టర్లను, నర్సులను తలచుకుంటారు. పొద్దున్నే ఆ గదిలో మీటరు పట్టుకొని తిరిగే టెక్నీషియన్లను, ఫిజిసిస్టులను కూడా తలచుకోండి. లోపం కనిపించినప్పుడు "ఈరోజు ఆపుదాం" అనే ధైర్యం వారికి కావాలి. ఆ మాట విన్నప్పుడు ఓర్చుకొని, మర్నాడు మళ్లీ మీ మనిషిని వెంటబెట్టుకొని వచ్చే ఓపిక మీకు కావాలి. చికిత్స మధ్యలో మాత్రం మానకండి.

దేవుడు మీ ఇళ్లలోని రోగులందరికీ స్వస్థత దయచేయునుగాక.